లాగ్‌బుక్కులో లేని గడి

మధ్యాహ్నం రెండు. లోడు నూటా ఇరవై.
రాసి, గీత కొట్టి, పెన్ను జేబులో పెట్టుకోబోతే
జేబే చురుక్కుమంది.

కూడేరు సబ్‌స్టేషన్లో
నేను కుర్చీలో కూర్చున్నట్టు లేదు,
కుర్చీయే నా మీద కూర్చున్నట్టుంది.
బయట ట్రాన్స్‌ఫార్మరు మూలుగుతాంది.
గోనెసంచులు తడిపి కప్పినాం దానికి,
బిడ్డకు జ్వరమొస్తే నుదుటి మీద గుడ్డేసినట్టు.
తడిపింది మేం తాగే బిందెలోని నీళ్ళతోనే.

రోహిణిలో రోళ్ళు పగులుతాయనేది మా అవ్వ.
రోళ్ళు యాడుండాయిప్పుడు?
ఇన్సులేటర్లు పగులుతాండాయి.

ఫోను.
"ఎప్పుడిస్తావప్పా కరెంటు?"
నా పెరట్లో కాసేదా అది, కోసి ఇచ్చేకి?
మళ్ళీ ఫోను.
"అబ్బీ, మా అత్తకు ఊపిరాడలేదు. ఫ్యానుకు సరిపడా ఇచ్చినా చాలు."
కొర్రకోడు సుంకమ్మ.
తిట్టకుండా అడిగేది ఆమె ఒక్కతే,
అందుకే ఆమెకు బదులు చెప్పడం కష్టం.
మీ ఊరి దారిలోనే తీగ తెగిందమ్మా,
పెన్నోబులేసు స్తంభమెక్కినాడు,
వాడు దిగితే ఇస్తా.

కిటికీలో గుట్ట,
గుట్ట మీద గాలిమరలు, నలభై మూడు.
ఒక్క రెక్కా కదలదు.
కరెంటు పుట్టించేవే
కరెంటు కోసం క్యూలో నిలబడినట్టుండాయి.

మూడూ నలభై. విడపనకల్లు నుంచి ఖాజా హుసేన్.
"అన్నా, బళ్ళారి దిక్కు నల్లగైంది.
నా రేడియో ఒకటే గరగర."
నాలుగూ ఐదు. ఉరవకొండ.
"గాలి లేచింది. ఆఫ్ చేసినాం."
నాలుగూ పన్నెండు. పెన్నోబిలం ఫీడరు. ఆఫ్.
అందరూ మబ్బు చూసి వానొస్తాదంటారు.
నాకు మాత్రం
ఆరిపోతున్న ఊర్ల పేర్లలో
దాని అడుగులు వినపడతాయి.

సెల్లులో హెచ్చరిక వచ్చింది.
పిడుగులు పడతాయి, చెట్ల కింద నిలబడకండి.
స్తంభం మీద నిలబడినోడు ఏం చెయ్యాలో
అందులో లేదు.
పెన్నోబులేసు ఎత్తడు.
పైకెక్కేటప్పుడు ఫోను చెప్పుల్లో పెట్టి ఎక్కేది వాడి అలవాటు.
ఏడుసార్లు చేసినా.
ఏడుసార్లూ ఆ చెప్పులే మోగుంటాయి.

పడమటి చివర గాలిమర మొహం తిప్పింది.
తర్వాత దాని పక్కది.
తర్వాత నలభై మూడూ,
పెండ్లింట్లో ఎవరో వస్తే
అందరూ గుమ్మం దిక్కు తిరిగినట్టు.
వాటి వెనక ఎర్రటి దుమ్ము లేచి,
పొద్దును ఆబగా మింగి,
రోడ్డు మీదికొచ్చింది.

సుంకమ్మకు చేసినా.
"ఇచ్చినావా నాయనా?" అనింది.
లేదమ్మా.
మీ ఊరి బయట స్తంభం మీద మనిషుండాడు,
దిగమని కేకెయ్యాల.
ఆమె సరే అనలేదు, ఫోనూ పెట్టలేదు.

పరిగెత్తే కాళ్ళ చప్పుడు విన్నా.
చెవిలో గాలి, కొంగు పటపట,
ఎవరిదో రేకు ఎగిరి పడింది.
"దిగు నాయనా! ఓ కరెంటాయనా! దిగు!"
ఒకసారి. ఇంకోసారి.
ఉరుము. గొంతు పోయింది.
నేను అటు మాట్లాడలేదు,
మాట్లాడితే తెగిపోతాదేమోనని.

అప్పుడు ఫోనులో
వేయించే శెనక్కాయలు చిటపటమన్నట్టు ఏదో మొదలైంది.
నా కిటికీ అవతల ఇంకా పొడి దుమ్మే.
వాన నాకంటే ముందు
ఆమె ఫోను మీద పడింది.
ఆ చప్పుడు వెనక, మగ గొంతు ఒకటి:
"అరవొద్దు పెద్దమ్మా, దిగినా, దిగినా..."

నాలుగూ నలభై ఒకటి.
అన్ని ఫీడర్లూ ఆఫ్. కారణం: గాలివాన.
ఎవరు పరిగెత్తినారో రాసేకి
లాగ్‌బుక్కులో గడి లేదు.

ఆరు దాటినాక ఆమే చేసింది.
"మా అత్త వాకిట్లో కూర్చోనుంది.
తడుస్తాంది, లోపలికి రమ్మంటే రాదు.
ఆయప్ప అరుగు మీద టీ తాగుతాండాడు, తీగ సగమే కట్టినాడంట.
తొందరేం లేదులే అబ్బీ."

తొందరున్నోళ్ళు ఇంకా నూరుమంది ఉండారు.
ఫోను మోగుతానే ఉంది.
ఎత్తకుండా బయటికి పోయి
ట్రాన్స్‌ఫార్మరు మీది గోనెసంచులు తీసినా.
పైన తడి వానది,
లోపలి తడి మా బిందెది,
పిండితే రెండూ ఒకటే ఎర్రగా కారినాయి.